రెండు వేళ్లు, ఒక పెన్సిలు

కోసిన కర్ర వాసన... పచ్చిగా, ఘాటుగా, ముక్కుపుటాలు అదిరేలా.

పొద్దున్నే తాళం తీయగానే ఆ వాసన ఎదురొచ్చేది. ఆమె దాన్ని గుండెల నిండా పీల్చుకునేది. ఆ తర్వాతే కిటికీలు తెరిచేది. ఆ హైస్కూల్లో ఆమెకు నచ్చేది ఇంకా ఏదైనా మిగిలి ఉందంటే అదొక్కటే.

మిగతా బడంతా ఆమెకు పడదు.

ఊరికే వచ్చిన కోపం కాదు. ఏళ్ల తరబడి, తిండి పెట్టి మరీ పెంచుకున్న కోపం.

ఆమె వడ్రంగం టీచరు. పిల్లలు చాటుగా చెక్కమ్మ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉండేది.

ఆ బడి పుట్టడం బడిగా పుట్టలేదు. అద్దకపు షెడ్డుగా పుట్టింది. రంగు నీళ్లు పోవడానికి వెనక గోడ నుంచి ముందు వైపుకు నేలను వాలుగా పోశారు. షెడ్డు మూతపడ్డాక ఎవరో పుణ్యం కట్టుకుని అడ్డగోడలు లేపారు. గదులయ్యాయి. నల్లబల్లలు వచ్చాయి. నేల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. డబ్బుల్లేకో, బుద్ధి లేకో...

అప్పట్లో అక్కడ నేత నేర్పేవాళ్లు. పుస్తకాల బైండింగు నేర్పేవాళ్లు. బ్యాండు ఉండేది — డ్రమ్ములు, బాకాలు, తెల్ల చేతి తొడుగులు.

ఒక హెడ్మాస్టరు మగ్గాలు అమ్మేశాడు. ఇంకొకాయన బైండింగు గదిని పరీక్షల కోచింగుకి ఇచ్చేశాడు. బ్యాండు గదిలో ఇప్పుడు తిరగని ఫ్యాన్లు పడేశారు.

వార్షికోత్సవం రోజున మాత్రం ఆ పేర్లన్నీ వరసగా చదువుతారు. మన పాఠశాల ఘన చరిత్ర అంటారు. చంపినవాళ్లే వచ్చి సంతాపం చెప్పినట్టు ఉండేది ఆమెకు. ఆ సభలో ఆమె ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు.

మిగిలింది వడ్రంగం.

మిగలడానికి కారణం బెంచీలు.

ఆ బడిలో ఏ బ్యాచీ పిల్లలూ తమ కోసం బెంచీ చేసుకోరు. వచ్చే ఏడు చేరబోయే వాళ్ల కోసం చేస్తారు. ముఖమైనా చూడని పిల్లల కోసం. బల్లా బెంచీ కలిపి ఒకే చట్రం. ముందు కాళ్లు వెనక కాళ్లకన్నా కాస్త పొడవు — నేల వాలు ఎంత తినేస్తుందో అంత. అప్పుడే బల్ల సమంగా నిలబడుతుంది. రాసే చెయ్యి జారదు.

ఆ కాస్తని టేపుతో కొలవరు. వేళ్లతో కొలుస్తారు.

మొదట కొలిచిన వేళ్లు ఆమె నాన్నవి. ఆమెకు ముందు ఆ గదిలో ఆయనే టీచరు. రెండు వేళ్ల మందం చాలు అనేవాడు. ఆమె వేళ్లు సన్నవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కొలిచి చేయించిన బెంచీలన్నీ ముందుకు వాలాయి. నాన్న వచ్చి చూశాడు. ఆమె చెవి మీదున్న పెన్సిలు తీసి ఆమె వేళ్ల పక్కన పెట్టాడు.

"ఇప్పుడు సరిపోయిందమ్మా" అన్నాడు.

ఒక్క మాట తిట్టలేదు. అప్పటి నుంచీ కొలత అదే — రెండు వేళ్లు, ఒక పెన్సిలు.

ఆ తర్వాత కొత్త హెడ్మాస్టరు వచ్చాడు.

ఇస్త్రీ మడత నలగని మనిషి. వడ్రంగం గదికి ఒకే ఒక్కసారి వచ్చాడు. కుర్చీ మీద పొట్టు చూసి, రుమాలు తీసి, దులపకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నిలబడే మాట్లాడి నిలబడే వెళ్లిపోయాడు. ఆమె దాన్ని మర్చిపోలేదు.

స్టాఫ్ రూములో, అందరి ముందూ చెప్పాడు.

"అన్ని గదులకీ స్టీలు బల్లలు వస్తున్నాయి. ఇక చెక్క బెంచీలతో పని లేదు."

"మరి మా సెక్షను?"

"పనుంటే ఉంటుంది టీచర్. పని లేని సెక్షనుకి పైవాళ్లు జీతం ఎందుకిస్తారు? ఏడాది చివర్న చూద్దాం."

"చూద్దాం" అంది ఆమె కూడా.

పెదాలు నవ్వాయి. కళ్లు నవ్వలేదు.

బయటికొచ్చాక లెక్కల టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. బడిలో ఆమెతో మాట కలిపే మనిషి ఆ పిల్లొక్కతే.

"అక్కా, మన నేల వాలు కదా. ఆ ఇనప బల్లలు నిలుస్తాయంటావా?"

"నిలవవు."

"ఆయన చెవిన వెయ్యొచ్చుగా?"

"నన్నేమన్నా అడిగాడా?"

నోరు కుట్టేసుకుంది ఆమె. రానీ... బల్లలు రానీ. నవ్వులపాలు కానీ. అప్పుడు తెలుస్తుంది. కాళ్లబేరానికి వస్తాడు. మీ బెంచీలే దిక్కు టీచర్ అంటాడు. ఆ మాట చెవులారా వినాలి. వినేదాకా ఆమెకు అన్నం సయించదు.

బల్లలు వచ్చాయి. బూడిద రంగు. కాళ్లకు నున్నటి ప్లాస్టిక్ తొడుగులు.

చెక్క బెంచీలు వరండాలో గుట్టపడ్డాయి.

మొదటి గంటకే పెన్నులు దొర్లాయి. పెన్నుల వెనక స్కేళ్లు. స్కేళ్ల వెనక డబ్బాలు. పిల్లాడు మోచెయ్యి ఆనిస్తే చాలు, బల్ల ఒక్క అంగుళం కదిలేది... ఇంకో అంగుళం... చివరి గంటకి వరసలన్నీ నల్లబల్ల దగ్గరికి చేరి, ముందు కూర్చున్న పిల్లల మోకాళ్లు గోడకి ఆనేవి. హెడ్మాస్టరు కారిడార్లో అటూ ఇటూ పరుగులు. ఇస్త్రీ మడత నలిగింది. పిల్లలకి పండగే పండగ.

ఆమె వరండాలో నిలబడి చూసింది. కడుపు నిండిపోయింది.

ఒక రోజు జారిన బల్ల ఒక అమ్మాయి కాలి మీద పడింది. ఆమె సెక్షను పిల్లే. బొటనవేలి గోరు లేచిపోయింది. మందుల పెట్టె ఉండేది వడ్రంగం గదిలోనే. నెత్తురు తుడిచి, కట్టు కట్టింది ఆమె. పిల్ల పెదవి కొరుక్కుని కూర్చుంది, ఏడవలేదు.

"ఆ బల్లలు ఎందుకు జారతాయి టీచర్?"

ఆమె కట్టు ముడి బిగించింది. అతి జాగ్రత్తగా బిగించింది.

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. అయినా హెడ్మాస్టరు గది వైపు అడుగు పడలేదు. ఇంకొన్నాళ్లు... ఇంకొన్నాళ్లు ఓపిక పడితే వాడే వస్తాడు.

సెలవులిచ్చాక వచ్చాడు.

అదే గుమ్మం. అదే మనిషి. ఈసారి లోపలికొచ్చి, పొట్టు చూసుకోకుండా కుర్చీలో కూలబడ్డాడు. అనాల్సిన మాటలన్నీ కూడబెట్టుకునే ఉంది. ఒక్కొక్కటీ నూరి పెట్టుకుంది.

"మేస్త్రీలు దిగారు" అన్నాడు. "గదులన్నీ సమం చేయించేస్తున్నాను. మొదటి రెండు గదులూ అయిపోయాయి."

నూరుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"నేల సంగతి మీకు ముందే తెలుసట. లెక్కల టీచరు చెప్పింది."

"తెలుసు."

"నాతో అనలేదే?"

"మీరు అడగలేదు."

అతను మోచేతికి అంటిన పొట్టు దులుపుకున్నాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకు. కోప్పడితే తనూ ఒంటికాలి మీద లేవొచ్చు.

"బల్ల ముందు కాళ్ల కింద చెక్క దిమ్మలు బిగిస్తే సరిపోయేదని మేస్త్రీ అన్నాడు. ఇన్ని గదులు, ఇన్ని బల్లలు... మీ పిల్లలకి ఏడాదంతా పని. అది చూపించి పైవాళ్ల దగ్గర సెక్షను నిలబెట్టేవాణ్ణి. మీరంటే నాకు పడదు, నిజమే. కానీ ఆ మాత్రం చేసేవాణ్ణి."

"ఇప్పుడైనా చేస్తాం" అంది.

ఆ గొంతు తనది కాదేమో అనుకుంది. అంత చిన్నగా వచ్చింది.

"దిమ్మలు దేనికి టీచర్, నేలే సమమైపోతుంటే?"

అతను లేచాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేశాడు.

ఆమె వరండాలోకి వెళ్లింది. గుట్టలోంచి ఒక చెక్క బెంచీ లాగింది. కొత్త నేల పోసిన గదిలోకి ఈడ్చుకెళ్లి, ఆ నున్నటి సిమెంటు మీద నిలబెట్టి, కూర్చుంది.

బెంచీ ముందు వైపు ఎత్తుగా లేచింది. ఆమెను వెనక్కి తోసింది. ఆమె పాదాలు నేలను వదిలాయి.

ఇంకొకటి తెచ్చింది. అదీ అంతే. నాన్న కాలంలో చేసినది తెచ్చింది... అదీ అంతే. ఇన్నేళ్లుగా, ఇందరు పిల్లలు, ఎవరికోసమో చేసిన బెంచీలు. ఈ బడిలో ఇక ఒక్క గదిలోనూ ఒక్కటీ నిలబడదు. తాను నోరు తెరిచి ఉంటే నేల అలాగే ఉండేది, ఇవి కనీసం వరండాలో ఎదురుచూస్తూ ఉండేవి.

కోపం అలాగే ఉంది. ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

బడి తెరిచారు. అన్ని గదులకీ కొత్త నేల వచ్చింది, వడ్రంగం గదికి తప్ప. మూసేసే గదికి సిమెంటు దండగ అన్నారట.

గదిలో సగం చేసిన చట్రం ఒకటి ఉంది. ఆఖరి బ్యాచీది. వెనక కాళ్లు బిగించారు. ముందు కాళ్ల కర్రలు ఇంకా కొయ్యలేదు.

బొటనవేలికి ఇంకా గోరు రాని ఆ అమ్మాయి కర్రను బల్ల మీద పెట్టి, రంపం తీసుకుంది. ఆమె వైపు తిరిగింది.

"టీచర్, ముందు కాళ్లు ఏ నేలకి కొయ్యమంటారు?"

ఆమె చూసింది.

"మన నేలకా, వాళ్ల నేలకా?"

ఈసారి అడగలేదు అనడానికి లేదు. అడిగింది. పిల్ల ముఖంలో వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. కొలత కావాలి, అంతే. ఆమె నోరు తెరిచింది.

కిటికీలోంచి తడి సిమెంటు వాసన వస్తోంది... చల్లగా, చప్పగా.

అమ్మాయి రంపం కర్ర మీద ఆనించి, ఇంకా అలాగే నిలబడి ఉంది.