కట్ట మీద చూసినవి

వరూధిని గుమ్మం బయట కూర్చుని కుక్క జిమ్మీ కాళ్లు ఒక్కొక్కటే చెంబునీళ్లతో కడుగుతోంది. పాత చీరముక్కతో వేళ్ల సందులు కూడా తుడవాలి. మట్టి అడుగు ఒక్కటి లోపల పడినా అత్త కమలమ్మ ఇల్లంతా మళ్లీ తుడిపిస్తుంది. తన మేనేజరింట్లో ఉందని ముచ్చటపడి ఈ తెల్ల కుక్కను కొనుక్కొచ్చింది భర్త దామోదర్. వారం తిరక్కుండానే "నాకు ఎలక్ట్రానిక్ సిటీ బస్సుకు టైమవుతాది, నువ్వే తిప్పు" అని గొలుసు ఆమె చేతికిచ్చాడు. ఇంటిపనుల్లో ఇంకొకటి చేరింది. అయినా ఆమెకు బరువనిపించలేదు. పెళ్లయి బెంగుళూరొచ్చాక అత్త తోడు లేకుండా గడప దాటేది ఈ ఒక్క పనికే.

మడివాళ చెరువు కట్ట మీద రోజూ ఏదో ఒకటి కనిపించేది. గొంతు కింద సంచులు వేలాడే పెద్ద కొంగలు, మంచులో గుండ్రటి పుట్టిని తెడ్డుతో తిప్పుకుంటూ వల విసిరే జాలరి చెన్నరాయప్ప, ఆయన దులిపిన వలలోంచి ఎగిరిపడ్డ చేపపిల్లను చూసి జిమ్మీ బెదిరి వెనక్కి దూకడం. చూసినవన్నీ దోసెలు వడ్డిస్తూ చెప్పేది. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? అదే ఆమె చేసిన పొరపాటు.

"హాస్టలు పిల్లలు కట్ట మీద స్కూటరు నేర్చుకుంటాండారు. ఒకమ్మాయి నన్ను చూసి 'అక్కా, రేపు నువ్వూ ఎక్కు' అనింది" అని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. దామోదర్ చేతిలో దోసెముక్క ఆగిపోయింది.

"కుక్కను తిప్పేదానికి పోతాండావా, ఊరు చూసేదానికా?" అంది కమలమ్మ. "రేపు కుక్కను ముందర కూర్చోబెట్టుకొని స్కూటరు మీదే వస్తాదేమోప్పా నీ పెండ్లాము!"

అప్పట్నుంచి కట్ట మీద ఏం చూసినా "ఏమీ లేదు" అనేది. సగం దూరం నుంచే తిరిగొచ్చేది. గేటు తీస్తూ ముందు భర్త మొహం చూసేది. ఆ అమ్మాయి చెయ్యూపితే చూడనట్టు తలదించుకుని వచ్చేసింది. ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు.

ఆదివారం దామోదర్ అన్నాడు, "జిమ్మీ వెంట్రుకలకు అమ్మకు దగ్గొస్తా ఉండాది. హోసూరు దగ్గర మామ తోటలో వదిలేద్దాం."

ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ దగ్గగా ఆమె వినలేదు. సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చి గొలుసును మేకుకు తగిలిస్తూ, "నీకూ పని తగ్గిందిలే. రేపట్నుంచి క్యారియర్‌లోకి చపాతీలు కూడా చెయ్యి" అన్నాడు.

తెల్లారి వాకిలి ఊడ్చి, ముగ్గేసి, పాలు కాచి వచ్చి వరూధిని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"యాడికే?" వంటింట్లోంచి అత్త అడిగింది.

ఇన్నాళ్లూ ఆ మాటకు జవాబు జిమ్మీయే. గొలుసు లాక్కుంటూ ముందుకు పోయేది. ఇప్పుడు కొత్తిమీర అనొచ్చు, అగ్గిపెట్టె అనొచ్చు. నాలుక మీదికి ఎన్నో వచ్చాయి. ఏదీ చెప్పబుద్ధి కాలేదు.

"నిన్నే, యాడికి?"

గొలుసు మేకుకే వేలాడుతోంది. వరూధిని గడియ తీసి, చెరువు కట్ట వైపు నడిచింది.