గంట మోగాక అన్న మాటలు

దహామ్ ఇంట్లోకి వచ్చేసరికి షాలాన్ ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతున్నాడు. ఇరవై మూడేళ్లుగా నఖ్లాన్ దేశపు శాసనసభను, మజ్లిస్‌ను, నడుపుతున్న సభాపతి, పెద్ద పెద్ద తెగల నాయకుల నోళ్లు ఒక్క చూపుతో మూయించినవాడు, సరిగ్గా పాత స్నేహితుడు గుమ్మం దాటే వేళకు తల మంచం కింద పెట్టి ఉన్నాడు. పదవికి అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం సభ ముగియగానే కుర్చీ దిగిపోవాలి.

“ఒరేయ్ షాలాన్! ఇంకా నీ చెప్పు నీకే దొరకట్లేదా? నీ చేతిలో పెడితే దేశం ఏం బాగుపడుతుందిరా!”

పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో వినపడని గొంతు అది. షాలాన్ తల మంచం పట్టెకు ఠంగున తగిలింది. లోపల్నుంచి అతని భార్య మైథా పరుగున వచ్చింది. ముసుగు అంచుతో కళ్లు తుడుచుకుంది గానీ నోరు మాత్రం ఊరుకోలేదు.

“ఏం అన్నయ్యా, దారి తప్పి వచ్చావా?”

“దారికేం తల్లీ! నీ కాఫీలో యాలకుల వాసన వీధి చివరిదాకా వస్తుంటే ఎలా తప్పుతాను? కాళ్లకే పౌరుషం.”

ముగ్గురూ నవ్వారు. మైథా ఖర్జూరాల పళ్లెం పెట్టి, ఇత్తడి కూజాలోంచి పిడిలేని చిన్న కప్పులో కాఫీ వంచింది. దహామ్ కుడిచేత్తో అందుకున్నాడు. పెదాల దాకా తీసుకువెళ్లలేదు. తివాచీ మీద తన ముందు పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వచ్చిన మనిషి కాఫీ కింద పెట్టాడంటే అడగవలసినది ఒకటి ఉందని అర్థం. ఇంటివాడు “తాగు, నీ పని అయినట్టే” అనేదాకా అది అతను ముట్టడు. ఆ కాఫీ అలాగే చల్లారిపోయిందంటే ఆ ఇంటి పరువు తెగ తెగంతా తెలిసేలా పోతుంది. అయితే ముందు పని ఏమిటో అడిగి ఆ తర్వాతే మాట ఇవ్వాలని పెద్దలు చెబుతారు. షాలాన్‌కు ఆ సంగతి తెలియదా? తన ముందుకు వచ్చిన ఏ కాగితాన్నీ రెండుసార్లు చదవకుండా ముందుకు పోనివ్వని మనిషి అతను. కానీ ఎదురుగా కూర్చున్నది దహామ్.

“తాగరా, తాగు! నీ పని అయినట్టే. నా ప్రాణం అడిగినా సరే!”

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. దహామ్ ఒక్క గుక్కలో తాగేసి, చాలన్నట్టు కప్పును చేతిలో అటూ ఇటూ ఆడించి మైథాకు ఇచ్చాడు.

“నీ ప్రాణం నాకెందుకురా, ముసలి ప్రాణం! గంట మోగాక నేనన్న మాటలు మజ్లిస్ పుస్తకంలో ఎక్కించు. ఇవాళే. రేపు నువ్వు కుర్చీలో ఉండవు.”

కూజా పట్టుకున్న మైథా అలాగే నిలబడిపోయింది.

అసలు షాలాన్‌ను కుర్చీ ఎక్కించినవాడే దహామ్. మొదటి మజ్లిస్ రోజులవి. రేవు పక్కనున్న పాత సుంకాల గిడ్డంగిలో సభ జరిగేది. సభ్యులు కత్తులు, కర్రలు గుమ్మం దగ్గర అప్పగించి లోపలికి వచ్చేవారు. సగం మందికి కుర్చీలో కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవడం చేతకాక, కుర్చీల మీదే బాసింపట్టు వేసేవారు. ఒక పెద్దాయన పన్నుల మీద మాట్లాడమంటే పద్యం ఎత్తుకునేవాడు. వాన పడితే కప్పు కారేది. ఏళ్ల తరబడి వాన కోసం ఎదురుచూసిన జనం కదా, సభ ఆపేసి అందరూ ఆ ధార కింద చేతులు పట్టి నిలబడేవారు. ఆ రోజులు తలుచుకుంటే షాలాన్‌కు ఇప్పటికీ గుండె నిండుతుంది. చలవరాతి కొత్త భవనంలో కప్పు కారదు. వాన వచ్చిందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

షాలాన్, దహామ్ ఇద్దరూ పక్క పక్క లోయల నుంచి ఎన్నికైన బడిపంతుళ్లు. ఒక రొట్టెల దుకాణం మీది గదిలో కలిసి అద్దెకుండేవారు. ఇద్దరికీ కలిపి పరువైన అంగవస్త్రం ఒక్కటే, జరీ అంచు నల్లది. ఎవరు మాట్లాడే రోజున వాళ్లు వేసుకునేవారు. రెండోవాడు ఆ పూట వెనక వరసలో ముడుచుకుని కూర్చునేవాడు.

సభాపతి కుర్చీ కోసం రెండు పెద్ద తెగలు పట్టు పట్టాయి. పదకొండు రోజులు కుర్చీ ఖాళీ. పన్నెండో రోజు దహామ్ లేచి, “అయ్యలారా, మా షాలాన్‌ను కూర్చోబెట్టండి. వాడి తెగలో ఉన్నదే అరవై గడపలు. పక్షపాతం చూపించినా మీకు పోయేదేం ఉండదు!” అన్నాడు. సభ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఎన్నుకుంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది. అంగవస్త్రం షాలాన్‌కే ఉండిపోయింది. “రోజూ కూర్చునేవాడివి నువ్వు. వారానికోసారి అరిచేవాడిని, నాకెందుకురా?” అని దహామ్ దాన్ని మడిచి అతని చేతిలో పెట్టాడు.

కుర్చీలో షాలాన్‌ను నిలబెట్టింది అతని జ్ఞాపకశక్తి. నియమాల పుస్తకమంటూ ఇంకా లేని రోజుల్లో, ఫలానావాడు కిందటేడు ఫలానా రోజున ఏమన్నాడో పొల్లుపోకుండా చెప్పేవాడు. అన్నవాడు నోరు మూసుకుని కూర్చునేవాడు. ఒక గొడవలో ముగ్గురి తలలు పగిలాక మాత్రం నియమం పెట్టక తప్పలేదు. సభాపతి గంట కొట్టి లేచి నిలబడితే అందరూ కూర్చోవాలి. ఆ తర్వాత ఎవరేమన్నా అది పుస్తకంలోకి ఎక్కదు. లేఖరి పొరపాటున రాసుకున్నా ఆ కాగితం కాల్చేయాలి. ఈ సలహా ఇచ్చినవాడూ దహామే. “రాయరని తెలిస్తే సగం మంది అరవనే అరవర్రా” అన్నాడు.

నాలుగేళ్లకు ఆనకట్ట చట్టం వచ్చింది. రాజధానికి దీపాలు కావాలి, మునిగేది జుమ్మార్ లోయ. అది దహామ్ లోయ. ఓటింగులో ఎలాగూ ఓడిపోయేదే, అది దహామ్‌కూ తెలుసు. తనకిచ్చిన పావుగంటా వాదనకే ఖర్చయింది. గంట మోగింది. అతను కూర్చోలేదు. లోయలోని బావుల పేర్లు, వాటిని తవ్వినవాళ్ల పేర్లు ఒక్కటొక్కటిగా చెప్పడం మొదలుపెట్టాడు. షాలాన్ లేచి నిలబడ్డాడు. మూడుసార్లు హెచ్చరించాడు. దహామ్ అతని ముఖంలోకే చూస్తూ చెప్పుకుపోయాడు. చివరికి నలుగురు భటులు అతన్ని ఎత్తుకుని బయటికి తీసుకెళ్లారు. తలుపు దగ్గర కూడా ఏదో చెబుతూనే ఉన్నాడు. మర్నాడే రాజీనామా ఇచ్చి, ఊరి చివర మేకల దాణా కొట్టు పెట్టుకున్నాడు. షాలాన్ కొడుకు పెళ్లికి పొట్టేలును పంపాడు గానీ తను రాలేదు.

“ఆ రోజు లేఖరి రాసుకున్న కాగితాలు ఎక్కడో ఉండే ఉంటాయి కదా?” దహామ్ గొంతులో వేళాకోళం పోయింది.

“కాల్చేశారు దహామ్.”

“అన్నీనా?”

“నా కళ్ల ముందే.”

దహామ్ తన వేళ్ల వంక చూసుకున్నాడు. “మొన్న మనవరాలు అడిగిందిరా, తాతా, మన లోయలో ఎన్ని బావులుండేవని. వేళ్ల మీద చెప్పాను. పదిహేడు దగ్గర ఆగిపోయాను. మర్నాడు చూస్తే పద్నాలుగే వచ్చాయి. పెద్దవాళ్లంతా పోయారు. పిల్లలకు కుళాయి తప్ప ఏం తెలుసు? నేను కూడా మర్చిపోతే ఇంక ఆ బావులు లేనట్టే. నీ లేఖరి కాగితాల్లో ఎక్కడో ఉంటాయి, నిన్ను ఒక్క మాట అడిగితే చాలనుకున్నాను. ఆ అడగడానికే పంతొమ్మిదేళ్లు పట్టింది, గాడిదను.”

“ఇద్దరం గాడిదలమేలే,” అన్నాడు షాలాన్. “మధ్యాహ్నం సభకు రా, పైన సందర్శకుల వసారాలో కూర్చో.”

“వచ్చి? నువ్వు నియమం తప్పుతావా?”

“తప్పను.”

“మరి?”

“కాఫీ తాగావా లేదా? తాగినవాడివి నోరు మూసుకుని రా.”

మైథా మంచం అవతలి పక్క నుంచి రెండో చెప్పు తీసి భర్త ముందు పడేసింది.

మధ్యాహ్నం సభలో పొగడ్తలు ఏరులై పారాయి. నిన్నటిదాకా వెనక తిట్టినవాళ్లే ఇవాళ కంటతడి పెట్టారు. సభాపతి కుర్చీలో కూర్చుని అన్న వీడ్కోలు మాటలు పుస్తకంలోకి ఎక్కవు. ‘సభాపతి ధన్యవాదాలు తెలిపారు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అందుకని తన వంతు రాగానే షాలాన్ ఉపసభాపతి నూఫ్‌ను పిలిచి కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె ఒకప్పుడు అతని దగ్గర చదువుకున్న పిల్ల. కంగారుగా కూర్చుంది. అతను మెట్లు దిగి, మూడో వరసలో సభ్యుడిగా తన పేరున ఉన్నా ఎప్పుడూ కూర్చోని బల్ల దగ్గరికి వెళ్లాడు.

“అధ్యక్షా, ఒక మామూలు సభ్యుడిగా నా పావుగంట నాకు ఇప్పించండి.”

నూఫ్ తల ఊపింది. అందరూ మరో వీడ్కోలు ఉపన్యాసానికి సిద్ధపడి వెనక్కి వాలారు.

“జుమ్మార్ లోయ బావులు. మొదటిది ఒంటె మోకరిల్లిన బావి. తవ్వినవాడు సల్లూమ్, రెండు కళ్లూ లేనివాడు. నేల తడిమి చూసి నీళ్లు ఎక్కడున్నాయో చెప్పాడు. రెండోది అత్తాకోడళ్ల బావి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండానే ఏడు నెలలు తవ్వారు. మూడోది తీపి బావి, దానికి పన్నెండు అడుగుల దూరంలో ఉప్పు బావి. రెండూ అన్నదమ్ములవి, ఏ నీళ్లు ఎవరికన్నది చీటీలు వేసి తేల్చుకున్నారు. అయిదోది దొంగ బావి…”

ఎక్కడో ఒకరు నవ్వారు. వెనక్కి వాలినవాళ్లు ముందుకు వంగారు. పైన వసారాలో దహామ్ లేచి నిలబడి ముందున్న కమ్మీ పట్టుకున్నాడు. షాలాన్ చేతిలో కాగితం ముక్క కూడా లేదు. మొత్తం చెప్పడానికి పన్నెండు నిమిషాలు పడుతుందని మాత్రం అతనికి బాగా తెలుసు. పంతొమ్మిదేళ్లుగా పొద్దున్నే సముద్రపు ఒడ్డున నడుస్తూ వాటిని అప్పజెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ సంగతి మైథాకు కూడా చెప్పలేదు. సిగ్గు. తను లాక్కున్నదాన్ని తనే దాచుకున్నట్టు అనిపించేది.

ఇరవై, ముప్పై, ముప్పై అయిదు. కొత్త లేఖరి హైఫా తల ఎత్తకుండా రాస్తోంది. ఒకప్పుడు ఆనకట్టకు అనుకూలంగా చేతులెత్తిన ముసలి సభ్యులిద్దరు తమ బల్లల వంక చూస్తూ కూర్చున్నారు. నలభయ్యో బావి పేరు, తవ్వినవాళ్ల పేర్లు చెప్పి షాలాన్ ఆగాడు. గడియారంలో ఇంకా మూడు నిమిషాలున్నాయి.

“నలభై ఒకటోది కూడా ఉంది అధ్యక్షా. ఆ రోజు దహామ్ దాన్ని తలుపు దగ్గర చెప్పాడు. నేను గంట కొడుతూనే ఉన్నాను. నా గంట చప్పుడులో నాకే వినపడలేదు.”

అతను పైకి చూశాడు. సభంతా పైకి తిరిగింది. సందర్శకులు మాట్లాడితే బయటికి పంపాలన్నది నియమం. ఇద్దరు భటులు దహామ్ వైపు కదిలారు. నూఫ్ చెయ్యెత్తి ఆపింది. దహామ్ పెదవులు కదులుతున్నాయి, వేళ్లు ఒక్కొక్కటిగా ముడుచుకుంటున్నాయి. మొదటి బావి నుంచి మళ్లీ చెప్పుకుంటున్నాడు. చివరికి వచ్చాక ఆగాడు. మళ్లీ మొదలుపెట్టబోయి మానేశాడు.

“లేదురా షాలాన్,” అన్నాడు. “నాకూ రావట్లేదు.”

హైఫా కలం ఎత్తింది. “అయ్యా, గుర్తొచ్చినప్పుడు రాసుకోడానికి ఒక వరస ఖాళీ వదిలేయమంటారా?”

“వద్దమ్మా. ఖాళీ వదిలితే ఎప్పుడో ఎవరో నింపుతారనుకుంటారు.” షాలాన్ ఆమె బల్ల వైపు తిరిగాడు. “నలభై ఒకటో బావి పేరు దహామ్ చెప్పాడు, సభాపతి వినలేదు అని రాయి. ఆ సభాపతి పేరు కూడా రాయి.”

హైఫా తల వంచి రాసింది. ఆమె రాయడం పూర్తయ్యేదాకా సభలో ఎవరూ కదల్లేదు.