ఆషాఢంలో కొనని మోటారు

అమీర్‌పేట ఇంట్లో నూకరత్నం తమ్ముడి సంచి సర్దుతోంది. లుంగీలు అడుగున పెట్టి, పాత పడవ మోటారు కోసం కొన్న కొత్త ప్లగ్గులను తువ్వాలులో చుట్టి పైన పెట్టింది. ఉప్పాడలో వేటకెళ్ళే కామరాజు నిజానికి కొత్త మోటారు కోసమే హైదరాబాదు వచ్చాడు. పంజాగుట్ట షాపులో ఒకటి నచ్చింది కూడా. అక్కే అడ్డుపడింది.

“ఆషాఢంలో ఎవరైనా కొత్త మోటారు కొంటారట్రా? ఆగస్టు అయిదుకల్లా శ్రావణం వచ్చేస్తుంది. అందాకా ఆగు.”

“పాతది సముద్రం మధ్యలో రెండుసార్లు ఆగిపోయిందక్కా. తాడు లాగిలాగి భుజం పోయింది.”

“ప్లగ్గులు మారుస్తున్నావుగా. శూన్యమాసంలో కొన్నది నీ మీదికి ఏం తెస్తుందోనని నాకు నిద్రపట్టదు.”

“ముప్పై ఏళ్ళుగా పట్నంలో ఉన్నా నీ భయాలు మాత్రం ఉప్పాడ దాటలేదే! సరే, నీ మాటే. శ్రావణంలో ఎండుచేపలు మోసుకొస్తా. ఆ వాసనకి మీ అపార్ట్‌మెంటంతా ఖాళీ అయిపోవాలి.”

నూకరత్నం మనసు కుదుటపడింది. బస్సు దాకా వెళ్ళి, కిటికీలోంచి తమ్ముడి చెయ్యి పట్టుకుని మళ్ళీ మాట తీసుకుంది.

గాలివానలో అతని మోటారు ఆగిపోయిందని ఒడ్డుకు చేరిన పక్క పడవవాళ్ళు చెప్పారు. కామరాజు 2024 జూలై 29, సోమవారం నాడు వేటకు వెళ్ళాడు. తిరిగి రాలేదు.