ట్రేలో మిగిలిన మందు

పట్టకారుతో లోపల చిన్నగా గిల్లి, "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగాడు డాక్టరు అగోసు.

"లేదు," అంది బాకే.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నొప్పిని పైకి చెప్పడం సిగ్గనుకునే ఉత్తరాది బారిబా తెగ ఆడపిల్లకు ఆ ప్రశ్నకు తెలిసిన జవాబు అదొక్కటే. చిన్నప్పుడు కాలికి తేలు కుడితే వాళ్ళమ్మకు ఆ మాటే చెప్పింది. పెళ్ళయ్యాక రెండుసార్లు, అయిదో నెలలో బిడ్డ జారిపోయినప్పుడు, అత్తగారికీ ఆ మాటే చెప్పింది.

ఇది మూడో కడుపు. నాలుగో నెల నడుస్తోంది. గర్భసంచి మూతి బరువు ఆపలేక తెరుచుకుంటోందనీ, దాని చుట్టూ దారంతో కుట్టి బిగిస్తే బిడ్డ నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. నడుముకు మత్తు ఇచ్చే ఆయన, తల్లి పోయిందని ఊరెళ్ళాడు. ఆయన వచ్చేదాకా మూతి ఆగేలా లేదు. "ఆ చోటు మొద్దుబారేలా సూది వేసి కుట్టేస్తాను. నువ్వు కదలకుండా ఉంటే చాలు," అన్నాడు డాక్టరు.

కదలకుండా ఉండటం బాకేకు కొత్త కాదు.

డాక్టరు మందు సూదిలోకి ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. బయటికి వెళ్ళి, జనరేటరు వేయించి, చేతులు కడుక్కుని తిరిగొచ్చాకే గిల్లి ఆ ప్రశ్న అడిగాడు. అంతకుముందే లోపల ఏదో చల్లగా తగిలింది, ఏదో గుచ్చుకుంది. సూది అదే కాబోలు అనుకుంది బాకే.

కుట్టు మొదలైంది.

మొదటి పోటుకు ఆమె కళ్ళముందు గోడ తెల్లబడింది. రెండోదానికి గోడే లేదు. సూది వేశాకే ఇంత ఉంటే, వేయకపోతే ఆడవాళ్ళు ఎలా బతుకుతారో అనుకుంది. తొడలు వణకబోతే వాటిని మనసుతోనే అదిమిపెట్టింది. కదిలితే దారం తప్పుతుంది. దారం తప్పితే బిడ్డ. మెడలోని గుడ్డ కొస పళ్ళమధ్య పెట్టుకుని, ఊహలో తమ చేలోని పెండలం మట్టికుప్పల మీదుగా ఒక్కొక్కటే దాటుకుంటూ పోయింది. చేను చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఈ తల్లిని చూడండి డాక్టరుగారూ," అంది నర్సు అఫియావి. ఆమె పక్క గదిలో కాన్పు ముగించుకుని అప్పుడే వచ్చింది. "మా దక్షిణాది వాళ్ళయితే ఈపాటికి మీ టోపీ పీకి, మీ తాతముత్తాతల్ని కూడా పేరుపేరునా తిట్టేవాళ్ళు."

డాక్టరు నవ్వుతూ ముడి వేశాడు. "అయిపోయింది."

అఫియావి సామాన్లు సర్దసాగింది. గాజుగుడ్డ కింది నుంచి ఏదో తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు అలాగే చూసింది.

"డాక్టరుగారూ. ఇది నిండుగా ఉందేమిటి?"

ఆయన మందు నిండిన సూదిని చూశాడు. తర్వాత బాకేను చూశాడు. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"వేశాననుకున్నాను," అన్నాడు. "అనుమానం కూడా వచ్చింది. అందుకే గిల్లి అడిగాను. లేదన్నావు కదమ్మా!"

బాకే పళ్ళమధ్య నుంచి గుడ్డ కొస తీసింది. దానికి చిన్న చిల్లు పడింది.

బయట బల్ల మీద అత్తగారు యాకి, పక్కన కూర్చున్న వాళ్ళకు గొప్పలు పోతోంది. "లోపలి నుంచి ఒక్క కేకైనా విన్నారా? వినపడదు. మా కోడలు మరి. సిగ్గుమాలి బతకడం కన్నా చావు మేలనే ఇల్లు మాది."

డాక్టరు ఆమెను లోపలికి పిలిపించాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. ముసలామె తలెత్తి, "అయితే ఏం నాయనా? ఓర్చుకుంది. నేను తొమ్మిది మందిని ఒంటరిగా కన్నాను," అంది.

"పెద్దమ్మా, ఇక ముందు ఓర్చుకోకూడదు. ఆ దారం గట్టిది. ఎనిమిదో నెల దాటాక నేనే తీస్తాను. ఈలోగా నొప్పులు మొదలైతే వెంటనే ఇక్కడికి తేవాలి, దారం వెంటనే కోసేయాలి. ఈమె నోరు మూసుకుని కూర్చుంటే దారం తెగదు, గర్భసంచి చిరుగుతుంది. బిడ్డా దక్కదు, ఈమె కూడా దక్కదు."

యాకి కోడలి వైపు తిరిగింది. "పోయినసారి నొప్పి ఎప్పుడు మొదలైందే?"

"పొద్దున."

"పొద్దునంటే?"

"పెండలం దంచడానికి ముందే."

ఆ రోజు యాకికి గుర్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో దంచారు. రోకలి దెబ్బ ఒక్కటి తప్పలేదు. కోడలు అందరికీ వడ్డించింది, గిన్నెలు కడిగింది. ఆ తర్వాతే గాదె వెనక్కి వెళ్ళింది. యాకి వెళ్ళి చూసేసరికి బిడ్డ జారిపోయిన చోట ఇసుక కప్పేసి ఉంది.

"నా ఎదురుగానే ఉన్నావు కదే," అంది ముసలామె. "నన్ను పిలవలేదేం?"

"ఎలా పిలవను అత్తా?"

బయట జనరేటరు ఒకసారి దగ్గి మళ్ళీ అందుకుంది.

యాకి మంచం దగ్గరికి వచ్చింది. కోడలి ముంజేతిని పట్టుకుని, పెండలం తవ్వి తవ్వి మొద్దుబారిన గోళ్ళతో గట్టిగా గిల్లింది.

"అయ్యో పెద్దమ్మా!" అంది అఫియావి. డాక్టరు చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"నొప్పి ఉందా?"

బాకే అత్తగారి ముఖంలోకి చూసింది. "లేదు," అంది, అలవాటుగా.

యాకి వదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. ముసలామె కళ్ళనుంచి రెండు చుక్కలు తన చేతిమీదే పడ్డాయి. వాటిని తుడుచుకోలేదు.

"నొప్పి ఉందా?"

బాకే రెండో చెయ్యి పొట్టమీద పెట్టుకుంది. పెదవులు విడిపోయాయి, కలుసుకున్నాయి, మళ్ళీ విడిపోయాయి.

"ఉంది," అంది.

యాకి తలుపు వంక చూసింది. బయట బల్ల మీద వాళ్ళు చెవులు రిక్కించి ఉన్నారని ఆమెకు తెలుసు. వెళ్ళి తలుపు వేస్తుందనుకుంది బాకే. వేయలేదు.

"నాకు వినపడలేదు," అంది ముసలామె. "గట్టిగా చెప్పు."