ఆగ్నేయం మినహా

కూతుర్నిచ్చుకున్న తల్లి వియ్యాలవారింట్లో ఏం అడగొచ్చు? మంచినీళ్లు అడగొచ్చు. అవైనా ఒక్కసారే. రెండోసారి అడిగితే "ఎండ ఎక్కువగా ఉంది కదూ వదినగారూ" అంటారు. ఆ మాటకి ఇంటికొచ్చాక రెండు రోజులు అర్థం వెతుక్కోవాలి. అలాంటిది "మీ కొత్తింటి వంటగది కప్పుకి ఒక స్ప్రింక్లర్ పెట్టించండి" అని అడగడం శారద వల్ల అయ్యే పనేనా? అందుకే ఆమె అడగడం మానేసి, రూలు కోసం బయల్దేరింది.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో నలభై ఇద్దరు మామిడి వ్యాపారులు కలిసి ఒక రసాల తోట కొన్నారు. చెట్లన్నీ కొట్టించి, ప్లాట్లు వేసి, ఆ చోటికి 'రసాలవనం' అని పేరు పెట్టుకున్నారు. వాళ్లకో సొసైటీ. ఇల్లు ఎన్ని అంతస్తులుండాలి, ప్రహరీ ఎంత ఎత్తు లేవాలి, గేటుకి ఏ రంగు వెయ్యాలి, అన్నిటికీ ఆ సొసైటీలో రూళ్లున్నాయి. శారద భర్త పాండురంగారావు ప్లాటు ఆమె పేరున కొన్నాడు కాబట్టి ఆయన కాదు, శారదే అందులో సభ్యురాలు. ప్రెసిడెంటు లక్ష్మీనరసింహారావు స్వయానా ఆమె వియ్యంకుడు.

కాలనీలో మొదట లేచిన ఇల్లు ఆయనదే. కింద గోడౌను, పైన కాపురం. సీజన్ వచ్చిందంటే కింద వరిగడ్డి, అట్టపెట్టెలు, పాత పేపర్లు కప్పు దాకా ఉంటాయి. పైనుంచి దిగడానికి ఆ గోడౌనులోంచే ఒక్క మెట్లదారి. ఆ పైన శారద కూతురు సింధు, పదకొండు నెలల మనవరాలు యోగిత ఉంటారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా శారదకి గుండెల్లో రాయి పడుతుంది.

ఊరికే పడదు. రెండేళ్ల కిందట మే నెలలో ఆమె తోడికోడలు కమల పొయ్యి మీద పాలు పెట్టి, పక్కగదిలో నడుం వాల్చింది. పాలు ఇగిరి, గిన్నె మాడి, మసిగుడ్డ అంటుకుని, మంట చెక్క అలమరాలకి పాకింది. ఫైరింజను ఆలస్యం చెయ్యకుండానే బయల్దేరింది. కానీ ఆ నెలలో రోడ్లు ఎవరివి? కాయల ట్రాక్టర్లవి, లారీలవి. ఇంజను సైరను మోగించుకుంటూ సందు మొదట్లోనే నిలబడిపోయింది. కమల ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. పొగే చంపేసింది. దిండు మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది శారదే.

ఆ తర్వాత విజయవాడలో ఎవరిదో ఆఫీసు కప్పుకి చిన్న చిన్న మూతులు చూసి అవేంటని అడిగింది; స్ప్రింక్లర్లన్నారు. గదిలో వేడి మించితే అందులో గాజుబుడ్డి పగిలి, ట్యాంకులోంచి నీళ్లు వాటంతటవే కిందికి చిమ్ముతాయట. మనిషి నిద్రపోయినా అది మేలుకునే ఉంటుందన్నమాట. ఫైరింజను ఎక్కడో ట్రాక్టరు వెనక నిలబడినా ఇంట్లోవాళ్లు బయటికి రావడానికి వ్యవధి దొరుకుతుంది. ఇంత చిన్న వస్తువు కమల ఇంట్లో ఎందుకు లేదని శారదకి ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి.

"వియ్యాలవారి ఇంటి సంగతి మనకెందుకే?" అన్నాడు పాండురంగారావు. ఆయనకి ఎవరితోనూ మాట పట్టింపు పనికిరాదు, చివరికి మంటతో కూడా.

"నేను వాళ్లని అడగట్లేదండీ. కాలనీలో కట్టే ప్రతి కొత్తింటికీ రూలు పెట్టమంటున్నాను. అందరికీ రూలైతే అది వియ్యపురాలి మాట అవ్వదు కదా!"

మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకాయన "గడ్డి తడిస్తే కాయ కుళ్లిపోదా అండీ?" అన్నాడు. కాలిన కాయని ఎవరు కొంటారో ఆయన చెప్పలేదు. ఇంకొకాయన శ్రద్ధగా అంతా విని, "మా తోటలో ఉన్నాయిగా స్ప్రింక్లర్లు, బోలెడు" అన్నాడు. గృహప్రవేశం నాడు హోమం చేస్తుంటే పైనుంచి నీళ్లు పడి హోమగుండం ఆరిపోతే ఇంకేమైనా ఉందా అని వాళ్లావిడ భయపడింది. పొగకి పడవమ్మా, కప్పు దగ్గర సెగ బాగా మించితేనే పడతాయి అని శారద నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆవిడ తలూపి, "అయినా అపశకునం కదండీ" అంది.

లక్ష్మీనరసింహారావు మాత్రం ఒక్కసారి కూడా కాదనలేదు. అదే శారదకి ఆశ. "చెల్లెమ్మగారు చెప్పిందాంట్లో న్యాయం ఉందండీ" అని పదిమందిలో అన్నాడు. అనడమే కాదు, తన ఇంటికి ముందుగానే గొట్టాలు వేయించడం మొదలుపెట్టాడు. ముహూర్తం దాటిపోతుందని పని మిగిలుండగానే గృహప్రవేశం చేసుకుని వచ్చేశారు కాబట్టి, ఒకవైపు కాపురం, ఇంకోవైపు పని. ఆ వార్త విన్న రోజు శారద దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది.

ఆదివారం పొద్దున్న సొసైటీ మీటింగు ఆయన గోడౌనులోనే పెట్టారు. కాయల ట్రేలు బోర్లించుకుని అందరూ కూర్చున్నారు. శారద లేచి రూలు ప్రతిపాదించింది. కమల సంగతి మొత్తం చెప్పింది. అప్పుడు ప్రేమ్‌చంద్ లేచాడు. ఆయన ప్లాటులో ఇంకా పునాది కూడా పడలేదు గానీ వాస్తులో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు.

"అంతా బాగానే ఉందండీ. వంటగది ఆగ్నేయంలో ఉంటుంది. అగ్ని నెత్తిన నీళ్లు పెడితే ఆ ఇల్లు నిలబడుద్దా?"

"పొయ్యి పక్కన కుళాయి ఉండట్లేదా అండీ?" అంది శారద.

"అది వంటగదికి ఈశాన్యంలో ఉంటుందమ్మా. లెక్క వేరు."

"మంట పుట్టేదే అక్కడ కదండీ!"

"అందుకే కదా అది అగ్నిస్థానం అయింది!"

అందరూ నవ్వారు. లక్ష్మీనరసింహారావు చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. "చెల్లెమ్మగారి మాట మనం తీసెయ్యకూడదు. శాస్త్రాన్నీ తీసెయ్యకూడదు. ఆగ్నేయం మినహా అన్ని గదుల్లో పెడదాం. చేతులెత్తండి" అన్నాడు, వెన్న రాసినట్టు.

చేతులు లేచాయి. శారద చెయ్యి కూడా లేచింది. లేవదా మరి? మూడు నెలలుగా ఒక్క చెయ్యి లేవని చోట ఇన్ని లేస్తుంటే! వంటగదిది తర్వాత చూసుకోవచ్చు, అల్లుడు చైతన్యకి సింధు చెబితే అతనే మెల్లిగా ఒకటి పెట్టించుకుంటాడు అని తనకి తాను సర్దిచెప్పుకుంది.

మీటింగు అయ్యాక వియ్యంకుడు ఆమెనీ పాండురంగారావునీ పైకి తీసుకెళ్లి, గదిగదీ తిప్పి చూపించాడు. కింద గోడౌనులో చూసినవి కాక, హాల్లో నాలుగు, పడగ్గదుల్లో రెండేసి, మెట్ల మీద ఒకటి. యోగిత ఉయ్యాల పైన కూడా ఒకటుంది. అది చూడగానే శారద కళ్లు చెమర్చాయి. పాండురంగారావు అన్నిటికీ "బ్రహ్మాండం బావగారూ" అంటూ, చివరికి హాల్లోకి తిరిగొచ్చి అక్కడే ఉండిపోయాడు. వంటగది దాకా శారదే వచ్చింది.

సింధు చంకలో పిల్లని పెట్టుకుని కాఫీకి గిన్నెలు తీస్తోంది. కప్పు నున్నగా, తెల్లగా ఉంది. పక్కగది దాకా వచ్చిన ఎర్రగొట్టం గుమ్మం దగ్గరే ఆగి, బిరడా బిగించుకుని ఉంది. ఇంకో నాలుగడుగులు వస్తే సరిపోయేది.

లక్ష్మీనరసింహారావు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు. "ప్రతిపాదించినవారి సంతకం కావాలి చెల్లెమ్మగారూ. గొట్టాలు కనపడకుండా సీలింగు వేసేవాళ్లు రేపే వస్తున్నారు."

శారద చదివింది. రెండు వాక్యాలున్నాయి. ఆగ్నేయం మినహా అన్ని గదుల్లో స్ప్రింక్లర్లు ఉండవలెను. ఆగ్నేయ మూలన ఎట్టి పరిస్థితుల్లోనూ కప్పుకు నీటి గొట్టము అమర్చరాదు.

"ఈ రెండోది మీటింగులో అనుకోలేదు కదా అన్నయ్యగారూ?"

"రాసేటప్పుడు గందరగోళం ఉండకూడదని ప్రేమ్‌చంద్‌గారు రాయించారమ్మా."

ఇన్నాళ్లు నోట్లో నానిన మాట అప్పుడు బయటికొచ్చేసింది. "అన్నయ్యగారూ, నేనెప్పుడూ మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇక్కడ ఒక్కటి పెట్టించండి. నా పిల్ల రోజంతా ఉండేది ఈ గదిలోనే."

ఆయన నొచ్చుకోలేదు. నొచ్చుకున్నా బాగుండేది. "మీరు ముందే ఒక్క మాట అంటే ఎవరికీ తెలీకుండా పెట్టించేసేవాణ్ణి కదమ్మా. ఇప్పుడెలా? రూలు తెచ్చింది మీరేనాయె. ప్రెసిడెంటునై ఉండి నేనే తప్పితే ఊరుకుంటారా?"

ఆయన చెబుతున్నది నిజమో, మర్యాదకి అంటున్న మాటో శారదకి ఇక ఎప్పటికీ తెలీదు. అడిగి ఉంటే సరిపోయేదా? ఒక్క పూట సిగ్గు చంపుకుని ఉంటే సరిపోయేదా?

"ఇది కొట్టేసి ఇస్తేనే సంతకం పెడతాను" అంది గట్టిగా.

"అలా కొట్టివేతలు పనికిరావు. మీరు వద్దంటే తీర్మానమే లేదు. ఎవరూ పెట్టరు. నేనొక్కణ్ణే పెట్టుకుంటే నవ్వుతారు, రేపు సీలింగు వెయ్యకముందే గొట్టాలు పీకించేస్తాను. మీ ఇష్టం చెల్లెమ్మగారూ." ఆ మాట కూడా ఎంతో మెత్తగా అని, పెన్ను కోసం హాల్లోకి వెళ్లాడు.

సింధు తల్లి దగ్గరికొచ్చింది. "అమ్మా, పెట్టేయ్."

"ఇక్కడ లేకపోతే ఎందుకే ఇదంతా?"

"ఉయ్యాల మీదన్నా ఉంది కదా. మావయ్యగారు అది కూడా తీయించేస్తే?" సింధు గొంతు తగ్గించింది. "నువ్వు ఇందాక అలా అడిగేశావు. నువ్వు ఇంటికెళ్లిపోతావు. రేపట్నుంచి ఆ మాట పడాల్సింది నేను."

శారద కూతురి ముఖం వంక చూసింది. అందులో కోపం లేదు. బతిమాలుతోంది.

పెన్ను వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చూడలేదు. వియ్యంకుడు తలుపు దగ్గర ఫోనులో మాట్లాడుతున్నాడు. శారద తన పేరు పూర్తిగా రాసి, కింద తారీఖు వేసింది. ఆమె పక్కనే సింధు పిల్లని చంక మార్చుకుని, పాలగిన్నె పెట్టి, పొయ్యి వెలిగించింది.