ఏసుపాదం భుజం సంగతి నాకే తెలుసు

నేను ఒక సెలూన్ కుర్చీని. మామూలు కుర్చీ అనుకునేరు! చీరాల దగ్గర పేరాలలో, కోటిలింగం సెలూన్లో, ఇరవై ఆరేళ్లుగా ఊరి క్రికెట్ జట్టు తలరాత తేలేది నా చుట్టూనే. గ్రౌండులో ఆడేది పదకొండు మందే. వాళ్లలో ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చేది మాత్రం ఇక్కడి బెంచీ.

విజయవాడ ఆటోనగర్లో పుట్టాను. ఇనుప కాళ్లు, టేకు చేతులు, వెనక్కి వాలే వీపు. మొదట నన్ను కొన్నది బాపట్లలో ఒక పళ్ల డాక్టరు. ఆయన దగ్గర అందరూ నోళ్లు తెరిచేవాళ్లు గానీ, మూలుగు తప్ప ఒక్క మాటా వినపడేది కాదు. ఆయన కొత్తది తెప్పించుకున్నాక కోటిలింగం నన్ను తీసుకొచ్చి, ఎర్ర రెగ్జిన్ కుట్టించి, అద్దం ముందు నిలబెట్టాడు. ఆ రోజు నుంచి నాకు మాటలకు కొదవ లేదు.

ఈ సెలూన్లో ఒక పద్ధతుంది. మూతికి నురగ పడ్డవాడు మాట్లాడకూడదు, మాట్లాడితే కత్తి గీరుకుంటుంది. అందుకని బెంచీ మీదవాళ్లు ఎదుటివాడి వంతు వచ్చేదాకా కాచుకుని, వాడికి నురగ పూయగానే చెలరేగిపోతారు. వాడు అద్దంలోంచి గుడ్లురమడం తప్ప చేసేదేమీ ఉండదు. కోటిలింగం మాత్రం ఎవరి వైపూ మాట్లాడడు. "అందరి గడ్డాలూ నా చేతికి రావాల్సినయ్యే గదా" అంటాడు.

మొన్న ఫిబ్రవరిలో జిల్లా లీగు ఆఖరి మ్యాచ్ కందుకూరు జట్టుతో పడింది. గెలిస్తే సెమీస్, ఓడితే ఇంటికి. మా జట్టు ఎన్నడూ సెమీస్ మొహం చూడలేదు. గొడవంతా ఏసుపాదం గురించే. రైల్వే గేటు దగ్గర ఉద్యోగం, నలభై ఏళ్లు, పదిహేడేళ్లుగా జట్టుకు లెగ్ స్పిన్ వేస్తున్నాడు. డిసెంబర్లో సైకిలు మీంచి పడితే కుడి భుజం పట్టేసింది. ఆ నొప్పితోనే అద్దంకి మీద బౌలింగుకు దిగితే ఒక్క ఓవర్లో ఇరవై రెండు పరుగులు బాదారు.

"అయిపోయిందిరా బాబూ ఆడి పని! ఆ వేటపాలెం ఫాస్ట్ బౌలర్ని దించాల్సిందే" అన్నాడు టైర్ల షాపు మస్తాన్.

"ఫాస్టంటే చాలా? లైనుండొద్దా?" అన్నారు లెక్కల మాస్టారుగా రిటైరైన గురునాథం. "మధ్య ఓవర్లు ఎవరేస్తారు, నువ్వేస్తావా?"

"పోనీ వానొచ్చి ఆగిపోయిందనుకోండి మాస్టారూ. చెరో పాయింటు. అటు ఒంగోలు ఓడిందా, మనమే సెమీస్!" అన్నాడు మస్తాన్.

మాస్టారు వెంటనే పేపరు అంచు మీద రన్ రేటు లెక్కలు మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో వానేమిటో! మనుషులకు ఆశ పుడితే మబ్బును కూడా జట్టులో వేసుకుంటారు.

శుక్రవారం పొద్దున ఏసుపాదం వచ్చాడు. కోటిలింగం రోజూలాగే నువ్వుల నూనెతో ఆ భుజం రుద్దాడు.

"ఈ ఒక్క మ్యాచ్ ఆడితే చాలన్నా. వచ్చే ఏడాది ఇక నా వల్ల కాదు."

"పట్టాభి గారిని అడగరాదంట్రా?"

పట్టాభి అంటే బట్టల కొట్టాయన, క్లబ్బు సెక్రటరీ.

"అడుక్కుని ఆడితే బంతి తిరగదన్నా" అంటూ లేచాడు. లేవడంలో కుడిచెయ్యి నా మీద గట్టిగా ఆనించాడు! రెండు నెలలుగా ఎడమచేత్తోనే లేచేవాడు. భుజం కుదిరిపోయింది! అరిచి చెబుదామంటే నాకు నోరేదీ? కానీ కోటిలింగం కూడా చూశాడు.

శనివారం సాయంత్రం పట్టాభి వచ్చి కూర్చున్నాడు. జేబులో జట్టు లిస్టు ఉంది. అందులో ఏసుపాదం పేరు లేదని అప్పటికే ఊరందరికీ తెలుసు. కోటిలింగం నురగ దట్టంగా, పెదాల మీదికి కూడా పూశాడు. కత్తి గొంతు దగ్గర పెట్టి మొదలెట్టాడు.

"పట్టాభి గారూ, ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ నోరు తెరవలా. ఇయాళ తెరుస్తున్నా, ఇనుకోండి. మీరంతా ఆ ఇరవై రెండు పరుగులే చూశారు. నేను రెండు నెలల నించీ ఆ భుజం చూస్తన్నా. అప్పుడు రాయి, ఇప్పుడు మెత్తబడింది. రేపు ఏసుపాదం ఏయకపోతే మనం గెలవం."

"ఊఁ... ఊఁ..." అన్నాడు పట్టాభి.

"కదలమాకండి."

బెంచీ మొత్తం నోరెళ్లబెట్టింది. మొహం తుడిచాక పట్టాభి అడిగాడు, "ఆడు కొట్టించుకుంటేనో?"

"మళ్లీ నా షాపు గడప తొక్కమాకండి."

పట్టాభి లిస్టు తీసి ఒక పేరు కొట్టేసి, ఇంకో పేరు రాశాడు.

మర్నాడు ఆదివారం. మాకు ఊపిరాడని రోజు. అలాంటిది కోటిలింగం షట్టరు దించి గ్రౌండుకు పోయాడు! చీకట్లో నేనొక్కదాన్నే. మధ్యాహ్నం దాటాక హైస్కూలు గ్రౌండు వైపు నుంచి పెద్ద కేక వినిపించింది. మనవాళ్లదో, కందుకూరు వాళ్లదో తెలియక ఎంత గిలగిల్లాడానో చెప్పలేను.

పొద్దు వాలుతుండగా షట్టరు లేచింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఏసుపాదం వేసింది పది ఓవర్లు, ఇచ్చింది ముప్ఫై ఒక్క పరుగులు, తీసింది అయిదు వికెట్లు! పేరాల సెమీస్‌కు పోయింది!

"ఏసుపాదం ఉండాలని నేను ముందే చెప్పలా?" అన్నాడు మస్తాన్.

"చెప్పింది నేనయ్యా!" అన్నారు మాస్టారు.

"ఎవరు చెబితేనేం, లిస్టులో రాసింది నేను గదా" అన్నాడు పట్టాభి. నురగ కింద తాను మూలిగిన సంగతి ఆయనకు గుర్తే లేదు. కోటిలింగం కత్తెరలు సర్దుకుంటున్నాడు.

అప్పుడు ఏసుపాదం లోపలికొచ్చాడు. తెల్ల ప్యాంటు నిండా మట్టి. సరాసరి వచ్చి కోటిలింగం చెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చో అన్నా."

"ఎక్కడ?"

"ఇందులోనే."

"ఛ ఊరుకోరా, నేనేంది, కూర్చోడమేంది!"

నిజమే. ఇరవై ఆరేళ్లుగా నా వెనక నిలబడ్డవాడే గానీ, ఒక్కనాడూ నాలో కూర్చోలేదు. ఏసుపాదం వినలేదు, రెండు భుజాలూ పట్టి కూర్చోబెట్టాడు. నూనె సీసా తీసి కుడి అరచేతిలో ఒంపుకుని, నడినెత్తిన పెట్టి, అయిదు వికెట్లు తీసిన ఆ వేళ్లతోనే తల రుద్దడం మొదలెట్టాడు.

"నొప్పి లేదంట్రా?" కోటిలింగం కళ్లు మూసుకునే అడిగాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"లేదన్నా. తల దించు."

ఈ ఊళ్లో నేను మోయని మనిషి లేడు. నా మనిషి బరువెంతో మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. ఎంత తేలికో! నాలుగు కాళ్లూ నేలకు గట్టిగా తన్నిపెట్టి, కిర్రుమనకుండా మోశాను.