‘లేదు’ అని రాసిన ఫారం

దేవన్నకు మిల్లులో ఉన్నన్నాళ్లూ దవాఖాన కార్డు ఉండేది. రిటైరైన నెలలోనే అది చెల్లకుండా పోయింది. అందుకని కొడుకు శివరాజ్ ఆయన పేర ఆరోగ్య బీమా తీసుకున్నాడు. వాళ్లింట్లో మొదటి బీకాం అతడే. ఫారంలో పాత జబ్బుల ప్రశ్న దగ్గర అతని కలం ఆగితే ఏజెంటు నవ్వాడు.

"షుగర్ అని రాస్తివా, ఫారం వాపస్ అస్తది. అందరు ‘లేదు’ అనే రాస్తరు."

శివరాజ్ అలాగే రాశాడు. కొడుకు రాసింది కదా అని దేవన్న చదవకుండానే సంతకం పెట్టాడు.

రెండేళ్లకు ఆయన కాలివేలు నల్లబడింది. వజీరాబాద్‌లోని దవాఖానలో దాన్ని తీసేశారు. నాలుగో రోజు బీమా కంపెనీ నుంచి తుషార్ అనే ఉద్యోగి విచారణకు వస్తున్నాడని తెలిసింది. షుగర్ మాట ఎత్తవద్దని తండ్రికి చెప్పబోయి, శివరాజ్ రెండుసార్లు నోరు తెరిచాడు. సిగ్గుతో మూసుకున్నాడు.

తుషార్ ముఖేడ్ వాడు. అందరూ వేరే భాష మాట్లాడే ఆ దవాఖానలో అతని నోట తెలుగు వినగానే దేవన్నకు ప్రాణం లేచొచ్చింది.

"కూసో బిడ్డా. మీ నాయన మంచిగున్నడా?"

"ఏం మంచి కాకా! పోయినేడు షుగర్ అచ్చింది. మిఠాయి కనవడితే ఆగడు."

వాడలో ఎవరికి షుగర్ వచ్చినా మందు చెప్పేది దేవన్నే. నొప్పి మరిచి లేచి కూర్చున్నాడు.

"పొడపత్రాకు నీడకు ఎండవెట్టి దంచుమను. పొద్దుగాల చెంచెడు మింగాలె. గోలీలతోని పాటు నేను పన్నెండేండ్ల సంది మింగుతున్న. ఆకు దొరకకుంటే చెప్పు, ఇస్లాపూర్ల మా చెల్లె పంపుతది."

తుషార్ తలెత్తాడు. "పన్నెండేండ్ల సందా?" ఫారం తీసి చూపించాడు. "గిక్కడ ‘లేదు’ అని ఉన్నది కాకా. గిట్లుంటే క్లెయిమ్ పాసు కాదు. ఎవరు రాసిండ్రు?"

దేవన్న కొడుకును ఒక్కసారి చూశాడు.

"నేనే రాయించిన సాబ్. పోరనికి నా షుగర్ సంగతి తెల్వదు."

అంతదాకా బిడ్డా అన్న నోరు సాబ్ అంది. ఆ గోలీలు నెలనెలా తెచ్చేది శివరాజే.

"తెల్సు సార్," అన్నాడు శివరాజ్. "బాపుకు చదివి చెప్పలే. నేనే రాసిన."

తుషార్ ఆ మాట రాసుకుని, కింద అతనితో సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు.

"ఒక్క మాట నాకు చెప్పకపోతివి," అన్నాడు దేవన్న. "ఆ పిల్లగాని ముంగట దొంగనైతి."

కట్టు మార్చడానికి నర్సు వచ్చి, కాలు కదలకుండా పట్టుకోమంది. శివరాజ్ పట్టుకున్నాడు. ఆమె వెళ్లినా వదల్లేదు.

కాసేపటికి దేవన్న మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.